గాయపడిన మూగజీవి మన చేతిలో అమానతు

 

పెంపుడు జంతువుల హక్కుల గురించి జుమా ప్రసంగాలలో మనం తరచూ వింటూనే ఉంటాము. మేకను మేత వేయకుండా కట్టి ఉంచరాదని, ఎద్దుపై శక్తికి మించిన బరువు మోపరాదని, జబహ్ చేసేటప్పుడు కత్తి పదునుగా ఉండాలని మన పిల్లలకు కూడా తెలుసు. మరి యజమాని అంటూ ఎవరూ లేని అడవి జీవి సంగతేమిటి? నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు మండలం వంటి చోట ఇది పుస్తకాలకు పరిమితమైన ప్రశ్న కాదు. చుట్టూ చేలు, గుట్టలు ఉన్నాయి. కొల్లాపూర్ దాటితే కృష్ణా తీరం, ఆపైన నల్లమల. కుక్కలు తరిమిన నెమలి, బండి తగిలిన కోతి, కరెంటు తీగ తాకి పడిపోయిన కొండముచ్చు, కోతల వేళ గడ్డిలో కనిపించిన కుందేలు పిల్లలు... ఏదో ఒక రోజు వీటిలో ఒకటి మన కంట పడుతుంది.

అలాంటప్పుడు పక్కనున్న వారి నుంచి సాధారణంగా మూడు మాటలు వినిపిస్తాయి. "మనకెందుకు, వదిలెయ్" అని ఒకరు. "ఎలాగూ చస్తుంది, బిస్మిల్లాహ్ చెప్పి కోసెయ్" అని మరొకరు. "పిల్లలు ఆడుకుంటారు, ఇంటికి తీసుకుపోదాం" అని ఇంకొకరు. ఈ మూడు మాటలూ సరైనవి కావు. ఎందుకు కావో, మరి సరైన మార్గం ఏమిటో ధర్మం వెలుగులో చూద్దాము.

అవి కూడా సముదాయాలే

నేలపై తిరిగే ప్రతి ప్రాణీ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ 'అల్ అన్ఆమ్' అధ్యాయం 38వ వాక్యంలో అల్లాహ్ తెలియజేశాడు. అంటే వాటి సృష్టికర్త, పోషకుడు కూడా మన ప్రభువే. మన కళ్ళకు యజమాని కనిపించనంత మాత్రాన అవి దిక్కులేనివి అయిపోవు.

దాహంతో నాలుక వేలాడేసి తడి మట్టిని నాకుతున్న కుక్కను ఒక బాటసారి చూశాడు. బావిలోకి దిగి తన మేజోడును నీటితో నింపుకుని, దాన్ని నోట కరచుకుని పైకి వచ్చి కుక్కకు తాగించాడు. అల్లాహ్ అతని పనిని మెచ్చి క్షమించాడు. పశువుల విషయంలో కూడా మాకు పుణ్యం ఉందా అని సహచరులు ఆశ్చర్యపోతే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యం ఉందని దైవప్రవక్త (స) బదులిచ్చారు (బుఖారీ, ముస్లిం). దీనికి భిన్నంగా, పిల్లిని బంధించి తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైంది (బుఖారీ, ముస్లిం).

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన ఉంచి ఆలోచించండి. ఆ కుక్క బాటసారిది కాదు. వదిలేసి వెళ్ళిపోయినా ఎవరూ నిలదీసేవారు లేరు. అయినా సాయం చేశాడు, ధన్యుడయ్యాడు. కాబట్టి "మనకెందుకు" అనే మాటకు విశ్వాసి నోట చోటు లేదు.

జింక పక్కన కావలి

ఇమామ్ మాలిక్ (రహ్మ) 'మువత్తా'లోనూ, సుననె నసాయీలోనూ ఒక అరుదైన సంఘటన ఉంది. దైవప్రవక్త (స) ఇహ్రాం స్థితిలో మక్కాకు ప్రయాణిస్తున్నారు. రువైసా, అర్జ్ అనే ప్రదేశాల మధ్య ఒక జింక నీడలో ఒరిగి పడి ఉంది. దాని ఒంట్లో బాణం దిగి ఉంది. ఆయన ఒక వ్యక్తిని దాని దగ్గర నిలబెట్టారు. జనమంతా ఆ దారి దాటిపోయేదాకా ఎవరూ దాన్ని కదిలించకుండా, బెదిరించకుండా చూడటమే ఆ వ్యక్తి పని.

గాయపడిన జంతువు కనిపించగానే మన ఊళ్ళలో ఏం జరుగుతుంది? ఇరవై మంది చుట్టూ మూగుతారు. ఒకరు సెల్‌ఫోను ఎత్తి ఫొటో తీస్తారు, ఒకరు కర్రతో పొడిచి చూస్తారు, పిల్లలు కేకలు వేస్తారు. మనిషి అలికిడే దానికి రెండవ గాయం. ముఖ్యంగా జింక జాతిని తరిమి పట్టుకుంటే భయానికి, అలసటకు కండరాలు దెబ్బతిని, గాయం చిన్నదే అయినా గంటల తరువాతో, రోజుల తరువాతో ప్రాణం పోవచ్చు. కాబట్టి మొదటి సాయం మందు కాదు, నీళ్ళూ కాదు. ఒక మనిషి కావలి నిలబడి జనాన్ని, కుక్కలను దూరంగా ఉంచడమే మొదటి సాయం. అది ప్రవక్త (స) చూపిన పద్ధతి కూడా.

తల్లి దగ్గరికి చేర్చడమే మొదటి చికిత్స

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌వూద్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పిట్ట గూటి నుంచి రెండు పిల్లలను తీసుకున్నారు. తల్లి పిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ అక్కడే తిరగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, దీని పిల్లలను తీసి దీన్ని బాధపెట్టింది ఎవరని అడిగారు, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు.

ఈ ఆదేశంలోని వివేకాన్ని మన ప్రాంతంలోనే చూడవచ్చు. కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవుకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం ఉంది. ఆ మండలంలోని పెద్దగుమ్మడాపురం శివారులో 2023 మార్చిలో నాలుగు పులి పిల్లలు గ్రామస్థుల కంట పడ్డాయి. కుక్కలు పీకేయకుండా వాటిని ఒక గదిలో ఉంచి గ్రామస్థులు అటవీ శాఖకు కబురు పంపారు. అధికారులు పిల్లలను వెంటనే జూకు తరలించలేదు. అడవిలో కెమెరాలు అమర్చి తల్లి పులి జాడ కోసం రోజుల తరబడి వెతికారు, పిల్లలను దాని చెంతకు చేర్చడానికి ప్రయత్నించారు. ఆ ప్రయత్నం ఫలించని తరువాతనే వాటిని తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూ పార్కుకు పంపారు. మనిషి పెంచిన పులి పిల్లకు వేట నేర్పేవారు ఉండరు, మనిషి అంటే భయమూ పోతుంది. అలాంటి దానిని మళ్ళీ అడవిలో వదలడం ఎంతో కష్టం. అందుకే తల్లి కోసం అంత వెతుకులాట.

పులి పిల్లకు వర్తించేది పిచ్చుక పిల్లకూ వర్తిస్తుంది. మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి పిట్ట దగ్గరికి రానివ్వదని మన పెద్దలు కొందరు అంటుంటారు. అది నిజం కాదు. పిల్లను గూటిలో పెడితే తల్లి మళ్ళీ మేత తెచ్చి పెడుతుంది.

ఒంటె, మేక – ఒక పాఠం

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒంటరిగా కనిపించిన ప్రతి పిల్లా అనాథేనా? పోయిన వస్తువుల అధ్యాయంలో ఒక హదీసు మనకు ఆలోచించే దారి చూపుతుంది. తప్పిపోయిన మేక గురించి అడిగితే, దాన్ని తీసుకో, లేకపోతే తోడేలు పాలవుతుంది అన్న భావంలో దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. తప్పిపోయిన ఒంటె గురించి అడిగినప్పుడు ఆయన ముఖం ఎర్రబడింది. దానికి కాళ్ళున్నాయి, నీళ్ళు దాచుకునే పొట్ట ఉంది, యజమాని వచ్చేదాకా అదే బతుకుతుంది, దాని జోలికి నీవెందుకు పోతావు అని వారించారు (బుఖారీ, ముస్లిం). ఈ హదీసు అడవి జంతువుల గురించి చెప్పినది కాదు. అయినా సాయం అవసరమైనది వేరు, అవసరం లేనిది వేరు అనే తేడా ఇందులో స్పష్టంగా ఉంది.

దుప్పి, జింక తమ పిల్లను గడ్డిలో దాచి మేతకు వెళ్తాయి. ఆ పిల్ల కదలక మెదలక పడుకుని ఉంటుంది. చూసినవారు తల్లి లేదనుకుని ఎత్తుకొస్తారు. నిజానికి అప్పుడే అది అనాథ అవుతుంది! కుందేలు కూడా పిల్లలను గడ్డిలో వదిలి, పాలివ్వడానికి మాత్రమే వచ్చిపోతుంది. నెమలి నేల మీదే గుడ్లు పెడుతుంది. చేనులో కనిపించిన ఆ గుడ్లను తెచ్చి కోడి కింద పొదిగించడం సాయం కాదు, చట్టం దృష్టిలో నేరం. రెక్కలు వచ్చి, ఎగరడం నేర్చుకుంటూ నేల మీద గెంతే పిట్ట పిల్ల సంగతీ అంతే. దాని తల్లిదండ్రులు దగ్గరలోనే ఉంటాయి. ఇవన్నీ 'ఒంటెలు'. కుక్క, పిల్లి తిరిగే చోట ఉంటే పక్కనున్న కొమ్మపైకో పొద చాటుకో చేర్చి, మనం దూరంగా జరగాలి.

రక్తం కారుతున్నది, రెక్క లేదా కాలు వేలాడుతున్నది, కుక్క నోట పడినది, చచ్చిన తల్లిని అంటిపెట్టుకుని ఉన్న కోతి పిల్ల, బావిలో పడినది, సంక్రాంతి గాలిపటాల మాంజా చుట్టుకున్నది – ఇవి 'మేకలు'. వీటిని వదిలి వెళ్ళరాదు.

మనం చేయవలసింది ఏమిటి?

మొదట అటవీ శాఖకు తెలియజేయాలి. ప్రతి ప్రాంతానికీ ఒక బీట్ ఆఫీసరు, సెక్షన్ ఆఫీసరు, రేంజ్ ఆఫీసరు ఉంటారు. వారి నంబర్లు పంచాయతీ కార్యాలయంలో ముందే తెలుసుకుని ఇంట్లో, మస్జిదు నోటీసు బోర్డు మీద రాసి ఉంచుకోవాలి. ఎవరూ దొరకని వేళ 112కు ఫోను చేస్తే విషయం పోలీసులకు చేరుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత అడవి జంతువు మన స్వాధీనంలోకి వస్తే 48 గంటలలోగా దగ్గరి పోలీసు స్టేషనుకు గాని, అధికారికి గాని తెలపాలి.

వారు వచ్చేలోగా చిన్న పక్షి అయితే దానిపై మెత్తని గుడ్డ కప్పి, గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో ఉంచాలి. మూత వేసి, చప్పుడు లేని నీడ చోట పెట్టాలి. చీకటిలో దాని భయం తగ్గుతుంది. నోట్లో నీళ్ళు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయవచ్చు. ఆవు పాలు, అన్నం, రొట్టె పెట్టకూడదు. జాలితో పెట్టిన ఆ తిండే చాలా పిల్లలను చంపుతుంది. చుట్టుకున్న మాంజాను లాగకూడదు, వదులుగా ఉన్న దారాన్ని మాత్రం కత్తిరించి మిగతాది వైద్యుడికి వదిలేయాలి. ఎక్కడ దొరికిందో గుర్తుంచుకోవాలి. కోలుకున్నాక దాన్ని వదలవలసింది అక్కడే.

కోతి, కొండముచ్చు, అడవి పంది, ఎలుగుబంటి, చిరుత వంటి వాటి దగ్గరికి మాత్రం పోరాదు. కావలి ఉండి కబురు చేయడమే మన వంతు. కరెంటు తీగ తాకి పడిన జంతువును సరఫరా ఆపేవరకు ముట్టరాదు. ఏ జంతువైనా కరిచినా గీరినా ఆ చోటును పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగాలి. రేబిస్ ముదిరాక దాదాపు ఎవరూ బతకరు. మన ప్రాణం కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే.

కొన్ని సందేహాలు

*వేట హలాల్ కదా, చావబోయే జింకనో నెమలినో జబహ్ చేస్తే తప్పేమిటి?*
వేటకు షరీఅత్‌లో అనుమతి ఉంది. అనుమతి అంటే ఆజ్ఞ కాదు. ఈ దేశ పౌరులుగా ఇక్కడి చట్టానికి మనం కట్టుబడి ఉన్నాము. ఒప్పందాలను నెరవేర్చండని 'అల్ మాయిదా' అధ్యాయం మొదటి వాక్యంలోనే అల్లాహ్ ఆజ్ఞాపించాడు. నెమలి చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే 3 నుంచి 7 సంవత్సరాల జైలు శిక్ష పడుతుంది. ఆపైన, అది చస్తుందో బతుకుతుందో తేల్చవలసింది వైద్యుడు. మన ఆకలి తేల్చరాదు.

*అబూ ఉమైర్ (రజి) అనే బాలుడు పిట్టను పెంచుకున్నాడు కదా, మనం చిలుకను పెంచుకోరాదా?*
ఆ హదీసు సహీహ్. మేత, నీరు లోటు లేకుండా చూసుకుంటే పక్షిని పెంచడం ధర్మసమ్మతమేనని పండితులు దాని నుంచి గ్రహించారు. కాని మన రామచిలుకను పంజరంలో ఉంచడం చట్టరీత్యా నేరం. కోలుకుని ఎగరగలిగిన పక్షిని పంజరంలోనే ఉంచడం అమానతును తిరిగి ఇవ్వకపోవడమే.

*కుక్క, పంది వంటివి అపరిశుద్ధం కదా?*
బట్టకు రక్తమో చొంగో అంటితే కడుక్కుని నమాజు చేస్తాము, అంతే. పంది మాంసం నిషిద్ధం, దాన్ని హింసించడం అనుమతించబడలేదు. పంట కోసం చేనుకు దొంగతనంగా కరెంటు తీగ చుట్టేవారు దీన్ని గమనించాలి. ఆ తీగ పందినే కాదు, రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన పొరుగు రైతునూ చంపుతుంది. పంట నష్టపోతే ప్రభుత్వానికి పరిహారం కోసం దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది.

సోదరులారా! ఈ మాటలను ఈ రోజే ఇంట్లో పిల్లలకు చెప్పండి. గాయపడిన పిట్టను చూడగానే రాయి అందుకునే చెయ్యి, అట్టపెట్టె కోసం ఇంట్లోకి పరుగెత్తేలా తయారు కావాలి. నోరులేని ఆ ప్రాణి మనకు కృతజ్ఞత చెప్పలేదు. దాన్ని సృష్టించినవాడు మాత్రం చూస్తూనే ఉన్నాడు. తన సృష్టిరాశుల పట్ల దయతో మెలిగే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.