కొట్టు మునిగినా లెక్కలు మిగలాలంటే

సందేహం: కర్నూలు పాతబస్తీలో మాది మందుల హోల్‌సేల్ కొట్టు. 2009 వరదలో అప్పుల ఖాతాలన్నీ బురదైపోయి, ఎవరు ఎంత బాకీయో ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు లెక్కలన్నీ ట్యాలీలోనే ఉన్నాయి, కంప్యూటరేమో కింద గల్లా పక్కనే ఉంది. తుంగభద్రకు నీళ్లు వదిలారంటే చాలు, నాకు నిద్ర పట్టదు.

సమాధానం: ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడటం చూసినవారికి నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు. కానీ అప్పటికంటే ఇప్పుడు మీరు చాలా నయంగా ఉన్నారు. అప్పుడున్నది ఒక్క పుస్తకమే, కంప్యూటర్ ఖాతాకు ఎన్ని నకళ్లయినా తీయొచ్చు. రోజూ కొట్టు కట్టేసే ముందు ట్యాలీలో బ్యాకప్ తీసి, చిన్న హార్డ్ డిస్కులో వేసి ఇంటికి తీసుకెళ్లండి. ఇల్లూ పాతబస్తీలోనే అయితే అది చాలదు. 2009లో కొట్టూ ఇల్లూ కలిసి మునిగినవారు మీ వీధిలోనే ఉంటారు. అందుకే ఇంకో నకలు క్లౌడ్‌లో, అంటే ఎక్కడో దూరాన ఉండే సర్వర్లలో పెట్టండి. కంప్యూటర్‌ను మేడ మీదికి మార్చడం మంచిదే, అయితే అది తర్వాతి పని. ఒక రోజు బ్యాకప్ తప్పిందని దిగులు పడకండి. నెలల తరబడి తీస్తూ, ఒక్కసారైనా వేరే కంప్యూటర్లో తెరిచి చూడకపోతే మాత్రం దిగులు పడాల్సిందే.

సందేహం: 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా బంధువుల కంప్యూటర్ మునిగింది. బాగా ఎండబెట్టి ఆన్ చేస్తే మళ్లీ లేవలేదు. రాజంపేటలో మా కొట్టుకూ ఆ గతే పడితే ఏం చేయాలి?

సమాధానం: మీ బంధువులను తప్పు పట్టకండి, ఎవరికైనా ముందు తోచేది అదే. మునిగినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు, తడిసిన హార్డ్ డిస్కు నుంచి కూడా చాలాసార్లు డేటా తీయగలుగుతారు. చెరుపు చేసేది ఎండబెట్టడం, స్విచ్ వేయడం: లోపల ఎండిన ఒండ్రు తిరిగే పళ్లేన్ని గీసేస్తుంది. ముందు మెయిన్ స్విచ్ ఆపించండి, తర్వాత డిస్కును తడిగుడ్డలో చుట్టి, గాలి చొరని కవర్లో పెట్టి డేటా రికవరీ చేసేవారికి అందించండి.

సందేహం: ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ యూనిట్ మాది. కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ కీచుమంటుంది. పాడైపోతోందా?

సమాధానం: లేదండీ, కరెంటు పోయిందని అది చెప్పే తీరే అంత. కరెంటు పోయిన ఒకటి రెండు నిమిషాలకే కంప్యూటర్ ఆరిపోతుంటే బ్యాటరీ అయిపోయినట్టు. మన సీమలో వరద ఎప్పుడో వస్తుంది, ఎండ ఏటా వస్తుంది: 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ ఈ బ్యాటరీల ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. రేకుల షెడ్డులోంచి తీసి నీడలో, రాతిపొడి పడని గదిలో పెట్టండి. ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు నెట్ వైరు కూడా పీకేయండి.

సందేహం: నంద్యాలలో మా మిల్లు కంప్యూటర్లో ఫైళ్లేవీ తెరుచుకోవడం లేదు. డబ్బు కడితేనే తెరుస్తామని తెర మీద వస్తోంది. చేతులు ఆడటం లేదు సార్.

సమాధానం: ఒక్క నిమిషం కూర్చోండి, ఇది మీ ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. 2017 మేలో వాన్నాక్రై అనే ఇలాంటి రాన్సమ్‌వేరే మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. నెట్ వైరు పీకేయండి, వైఫై ఆపండి, ఏదీ చెరపకండి, ఫార్మాట్ చేయించకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు కట్టొద్దు, కట్టినా ఫైళ్లు తిరిగొస్తాయన్న హామీ లేదు. మీ బ్యాకప్ డిస్కు ఆ సమయంలో కంప్యూటర్‌కు తగిలించి లేకపోతే చాలావరకు గట్టెక్కినట్టే. ఎప్పుడూ తగిలించే ఉంచితే దానికీ తాళం పడి ఉండొచ్చు, నిపుణుడు వచ్చేదాకా తెరవకండి.

సందేహం: ప్రొద్దుటూరులో బట్టల కొట్టు మాది. పండగ రోజు నెట్ పోతే బేరాలు ఆగిపోవా?

సమాధానం: ఆగవు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పొరపాటుతో ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల కంప్యూటర్లు మొరాయిస్తే, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చి విమానాలు నడిపారు. ఒక బిల్లు పుస్తకం, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఇంకో ఫోను, ముఖ్యమైన నంబర్లు రాసిన కాగితం గల్లాలో ఉంచండి. చేత్తో బిల్లు రాయడం పనివాళ్లకు పండగకు ముందే నేర్పండి.