దారి మనలను అడుగు మూడు సంగతులు



సొంత ఊరిలో మంచివారమనిపించుకొనుట అంత కష్టము కాదు. అక్కడ మనలను ఎరిగినవారు పదిమంది ఉన్నారు. వారి కన్నుల యెదుట ఎవడును మర్యాద తప్పడు. దేవుని మందిరములోనైతే చెప్పనక్కరలేదు. అయితే బస్సెక్కిన తరువాత మనము ఎవరమో ఎవరికిని తెలియదు. అక్కడ సంఘపెద్ద లేడు, పాస్టరు లేడు, చుట్టములు లేరు. మరల కనబడని మనుష్యుల మధ్య మనము ఎట్లు నడచుకొందుమో అదే మన అసలు గుణము.

కావున ఈ మాసము ప్రయాణమును గూర్చి ధ్యానింతము. వేదములో దారి నడువని భక్తులు అరుదు. అబ్రాహాము గుడారములలో సంచరించెను. ఇశ్రాయేలీయులు నలువది ఏండ్లు అరణ్యములో తిరిగిరి. మన ప్రభువు పుట్టినదే తలిదండ్రుల ప్రయాణములో. మేము గ్రామగ్రామమునకు తిరుగుచు గమనించినదేమనగా, దారి ప్రతివానిని మూడు సంగతులు అడుగుచుండును: చోటు, నీళ్లు, సమయము. వీటిని ఇచ్చుటకు ధనవంతుడు కానక్కరలేదు. అయినను ఇచ్చుటకు మన చేయి ముడుచుకొనునవి ఇవే.

మొదటిది, చోటు

ఆదికాండము 18వ అధ్యాయము చదువుడి. ఎండవేళ అబ్రాహాము గుడారపు ద్వారమున కూర్చుండి ముగ్గురు మనుష్యులను చూచెను. వారు పిలువకమునుపే లేచి పరుగెత్తెను. వారి పేరేమి, ఊరేమి, ఏ కులమువారు అని అడుగలేదు. చెట్టు నీడను చోటిచ్చెను. కాళ్లకు నీళ్లు తెప్పించెను. కొంచెము ఆహారమని చెప్పి, దూడను వండించి పెట్టెను. అప్పటికి ఆ దేశములో ఆయనకు సొంత భూమి లేదు. తరువాత భార్యను పాతిపెట్టుటకు సహితము నాలుగువందల తులముల వెండి తూచి పొలము కొనవలసివచ్చెను. తనకే చోటు లేనివాడు ఇతరులకు చోటిచ్చెను. ఇదియే ఆయన గొప్పతనము.

ఇప్పుడు మన బస్సులను చూతము. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు వంటి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు డబ్బు లేకుండ ప్రయాణము కల్పింపబడెను. రద్దీ పెరిగినది, దానితోపాటు సణుగుడును పెరిగినది. "డబ్బిచ్చినవాడు నిలబడాలి, ఊరకే వచ్చినవాళ్లు కూర్చోవాలా?" అను మాట మేము పలుమార్లు వినుచున్నాము. ఆ కూర్చున్నది ఎవరు? పెద్దాసుపత్రికి పోవు కూలిమనిషి. కూతురి కాన్పుకు వెళ్లు తల్లి. కళాశాలకు పోవు ఆడపిల్ల. ఇంతకుముందు చార్జీకి డబ్బు లేక వారిలో ఎందరు ఇంటనే ఆగిపోయిరో ఎవరు లెక్కించిరి?

మరియొక ప్రక్క కూడ చూడవలెను. బస్సు ఆగకమునుపే కిటికీలోనుండి తువ్వాలు వేసి, ఇంకను రాని చుట్టముకొరకు సీటు ఆపుకొని, ఎదుట వణకుచు నిలిచిన ముసలాయనను చూడనట్టు ముఖము త్రిప్పుకొనువారు పురుషులలోను ఉన్నారు, స్త్రీలలోను ఉన్నారు. ప్రభుత్వము టిక్కెట్టు డబ్బు తీసివేయగలదు. "ఇటు రండి పెద్దాయనా, కూర్చోండి" అను మాటను మాత్రము మన నోటనుండియే రావలెను.

రెండవది, నీళ్లు

యోహాను సువార్త 4వ అధ్యాయములో మన ప్రభువు మధ్యాహ్నవేళ ప్రయాణమువలన అలసి యాకోబు బావియొద్ద కూర్చుండెను. నీళ్లు చేదుకొన వచ్చిన సమరయ స్త్రీని దాహమునకిమ్మని అడిగెను. ఆమె ఆశ్చర్యపడెను, ఏలయనగా యూదులు సమరయులతో పొత్తు పెట్టుకొనరు. ఇచ్చట మనము గమనింపవలసినది ఒకటున్నది. దయతలచి పైనుండి ఇచ్చుట సులభము. ఇతరుల చేతినుండి, వారి పాత్రలోని నీళ్లను సమానునిగా పుచ్చుకొనుట కష్టము. ప్రభువు ఆ స్త్రీకి జీవజలము గూర్చి చెప్పకమునుపు ఆమె చేతి నీళ్లు అడిగి ఆమెను గౌరవించెను.

మన దేశములో దాహము ఎట్టి అవమానమో తెలియజేయు సంగతి యొకటి డాక్టరు అంబేడ్కరుగారు తమ జీవితానుభవములలో వ్రాసియున్నారు. 1901వ సంవత్సరములో, బాలుడైన ఆయన అన్నతోను మరికొందరు పిల్లలతోను సాతారానుండి తండ్రి పనిచేయు ఊరికి బయలుదేరెను. మసూరు స్టేషనులో దిగిరి. తీసికొనిపోవుటకు ఎవరును రాలేదు. పిల్లలు మహర్ కులమువారని తెలియగానే బండివారెవరును ఎక్కించుకొనరైరి. తుదకు ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకొనెను. అదియు పిల్లలే బండి తోలవలెను, తాను ప్రక్కన నడచును అను షరతుమీద. వెంట అన్నమున్నను త్రాగుటకు నీళ్లు దొరకక ఆ రాత్రి వారు ఆకలితోనే పండుకొనిరి. మంచి బట్టలు తొడుగుకొని సంతోషముతో రైలెక్కిన పిల్లలకు ఆ దారి నేర్పిన పాఠమిది.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణములో అంటరానితనమును రద్దుచేసెను. బావులు, చెరువులు, రోడ్లు, హోటళ్లు ఎవరికిని మూయరాదని 15వ అధికరణము చెప్పుచున్నది. 1955లో దీనికి శిక్షల చట్టమును వచ్చెను. అయినను మన పల్లెలలోని టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరువాతను చాలకాలము సాగినదని పెద్దలెరుగుదురు.

ప్రియులారా, మనలో అనేకుల తాతముత్తాతలు ఆ దాహమును ఎరిగినవారే. కావున మనయొద్ద ఎక్కువ అడుగబడును. ఇటుకబట్టీలలో పనికి ఒడిశానుండి వచ్చిన కుటుంబము మన వాకిట నిలిచి నీళ్లడిగినప్పుడు మనమే చెంబు ఇచ్చుచున్నామా, లేక దూరమునుండి దోసిట పోయుచున్నామా? మిరప కోతలకు గుంటూరు వైపు పోవు మన కుటుంబములను అక్కడివారు ఎట్లు చూడవలెనని మనము కోరుదుము? ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనము తీసికొని, ఇంటికి వచ్చిన తరువాత "వాళ్లు ఆ పేటవాళ్లు, వాళ్లింట మేము తాగము" అనువారు మన సంఘములలో లేరా? అట్టివారు బావియొద్ద కూర్చున్న ప్రభువును దాటి పోవుచున్నారు.

మూడవది, సమయము

లూకా సువార్త 10వ అధ్యాయములోని యెరికో దారి మనకందరికి తెలిసినదే. యెరూషలేము సముద్రమట్టమునకు ఇంచుమించు 750 మీటర్ల ఎత్తున నున్నది. యెరికో సముద్రమట్టముకంటె సుమారు 250 మీటర్లు దిగువన నున్నది. నడుమ నున్నది కొండలు, లోయలు, ఎడారి. దొంగలు పొంచియుండుటకు తగిన దారి. అట్టిచోట ఆగుట ప్రమాదమే. యాజకుడును లేవీయుడును ఆ గాయపడినవానిని కొట్టలేదు, దోచుకొనలేదు. వారు చేసినది ఒక్కటే: చూచి, ప్రక్కగా పోయిరి.

సమరయునికిని పని యుండెను. అయినను ఆగెను, గాయములు కట్టెను, తన వాహనముమీద ఎక్కించి పూటకూళ్లవాని ఇంటికి చేర్చెను. మరునాడు రెండు దేనారములు, అనగా రెండు దినముల కూలి, ఇచ్చి, మిగిలినది తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పి తన దారిని పోయెను. చూడుడి, తన ప్రయాణమును అతడు మానుకొనలేదు. తన చేతనైనది చేసి, మిగిలినది తగినవానికి అప్పగించెను.

నేడు మన రోడ్లమీద మోటారు సైకిలు పడి మనుష్యుడు నెత్తురు కారుచుండగా, చుట్టును నిలిచినవారిలో కొందరు సెల్‌ఫోనుతో బొమ్మ తీయుదురు గాని చేయి వేయరు. "మనకెందుకు, రేపు పోలీసులు పిలుస్తారు, కోర్టు చుట్టూ తిరగాలి" అని భయము. ఈ భయమునకు ఇప్పుడు ఆధారము లేదని ప్రతి సంఘస్థుడును తెలిసికొనవలెను. సహాయము చేయువారి రక్షణకైన నియమములను 2016 మార్చి 30న సుప్రీంకోర్టు దేశమంతట పాటింపవలసినవిగా చేసెను. 2019లో మోటారు వాహనముల చట్టములో 134ఎ అను సెక్షను చేర్చబడెను. ప్రతిఫలము కోరక, మంచి మనస్సుతో గాయపడినవానికి సహాయపడినవానిమీద, ఆ మనిషి మరణించినను, కేసు ఉండదు. తన పేరు చెప్పుమని అతనిని బలవంతపెట్టరాదు. అట్టివానికి ఆ చట్టము పెట్టిన పేరు "గుడ్ సమారిటన్", అనగా మంచి సమరయుడు. ప్రభువు చెప్పిన ఉపమానములోని పేరు మన దేశపు చట్టములోనికి వచ్చినది. అది మన జీవితములోనికి రాకున్న ఎంత సిగ్గు!

అంబులెన్సు కూడ దూరము కాదు. 108 సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలాయెను. ఆ మూడంకెలు నొక్కుట, చోటు గుర్తులు సరిగా చెప్పుట, బండి వచ్చువరకు ఆ మనిషి ప్రక్కన కూర్చుండి ధైర్యము చెప్పుట, ఇంటివారికి కబురంపుట, ఇంతమాత్రము ఎవరైనను చేయగలరు.

ముగింపు

ధర్మశాస్త్రోపదేశకుడు తన పొరుగువాడెవడని అడిగెను. ప్రభువు ఆ ప్రశ్నను త్రిప్పివేసి, ఆ ముగ్గురిలో ఎవడు గాయపడినవానికి పొరుగువాడాయెనని అతనినే అడిగెను. పొరుగువాడెవడో ఎంచిచూచు అధికారము మనకు లేదు. పొరుగువారమగు అవకాశము మాత్రము ప్రతిదినము మన దారిలో పెట్టబడుచున్నది.

ఈ మాసము ప్రతి కుటుంబమును సాయంకాల ప్రార్థనలో ఈ మూడు ప్రశ్నలు వేసికొనుడి. నేడు దారిలో ఎవరికి చోటిచ్చితిమి? ఎవరి చేతి నీళ్లు త్రాగితిమి? ఎవరికొరకు ఆగితిమి? పిల్లలను కూడ అడుగుడి. వారి జవాబులు కొన్నిసార్లు పెద్దలకు పాఠములగును. 108 అను అంకెను, ఆ చట్టపు సంగతిని ఇంటిలో అందరికిని నేర్పుడి.

మీ ప్రయాణములన్నిటిని ప్రభువు క్షేమముగా నడిపించును గాక. మీ దారిలో కలిసినవారు మీవలన ఆదరణ పొందుదురు గాక. ఆమేన్.