వ్యవసాయపు పనిముట్లకు పదును – ఉక్కులో కలుగు మార్పులు

చిల్పూరు ప్రాంతపు చెల్క నేలలలో గడ్డపార మొన రాతికి తగిలి విరుగుటయో, వంగుటయో రైతులెరిగినదే. అప్పుడు ఇనుమును నిందింతుము. కాని తరచుగా లోపము ఇనుములో గాక కొలిమిలో జరుగును.

ఉక్కు అనగా కొలదిగా కర్బనము కలిసిన ఇనుము. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో పూర్వము మూసలలో కరగించిన ఉక్కును ఇరాన్ వర్తకులు కొనుక్కొని పోయెడివారు. అది హెచ్చు కర్బనము గల ఉక్కు. నేడు కమ్మరులు వాడు పాత లారీ కమాను పట్టీలో కర్బనము నూటికి సుమారు 0.6 పాలు ఉండును. కర్బనము మిక్కిలి తక్కువగు మెత్తని ఇనుమునకు పదును నిలువదు.

గట్టిపరచుట: ఉక్కును సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఎర్రగా కాల్చినప్పుడు కర్బనము ఇనుములో కరగును. వెంటనే ముంచి చల్లార్చినచో బయటపడు వ్యవధి లేక అందులోనే చిక్కుపడును. అప్పుడు ఉక్కు మిక్కిలి గట్టిపడును గాని గాజువలె పెళుసగును. ఈ స్థితిలో వాడిన మొన పగిలి, ముక్క కంటికి తగలవచ్చును.

మరల వేడి చూపుట: అందుచే రెండవసారి స్వల్పముగా వేడి చేయవలెను. సుమారు 150 డిగ్రీలు దాటిన పిదప చిక్కుపడిన కర్బనము సన్నని రేణువులుగా విడివడ నారంభించును. లోపలి బిగువు సడలును. గట్టిదనము కొంత తగ్గినను దెబ్బకు ఓర్చు గుణము వచ్చును. వేడి హెచ్చిన కొలది రేణువులు పెద్దవై ఉక్కు మెత్తబడును.

రంగు గుర్తులు: మొనను రాతితో రుద్ది మెరయించినచో వేడికి పైన పలుచని పొర ఏర్పడి రంగులు మారును.
ఎండుగడ్డి రంగు, సుమారు 230 డిగ్రీలు: కత్తులకు.
గోధుమ రంగు, 255: కొడవళ్ళకు.
ఊదా రంగు, 280: గొడ్డళ్ళకు.
నీలము, 300: గడ్డపార మొనకు.
కోరిన రంగు రాగానే చల్లార్చవలెను.

జాగ్రత్తలు:
1. కమాను పట్టీని నీటిలో ముంచిన పగుళ్ళు రావచ్చును, నూనె మేలు.
2. సానయంత్రముపై పట్టునప్పుడు మాటిమాటికి నీట ముంచవలెను. అంచు నీలమైనచో పదును దిగినట్లే.
3. విరిగిన పిడిని తీయుటకు గొడ్డలిని నిప్పులో వేయరాదు. అంచు మెత్తబడును, మరల గట్టిపరచక తప్పదు.

విత్తుటకు నేల పదును చూచు రైతు, పనిముట్టు కొలిమిలో నున్నప్పుడు దాని రంగును కూడ దగ్గర నుండి చూచుకొనవలెను.