చక్రము, ఇరుసు, ఆఫ్‌సెట్

కొండదారులందు, బురదనేలలందు నడిపే జీపుల వంటి వాహనాలపై మన విద్యార్థులలో మక్కువ హెచ్చినది. వెడల్పు టైర్లు తొడిగి, చక్రాలను బయటికి జరిపి, వాహనానికి గంభీరాకృతి కల్పించవలెనని పలువురి ఆశ. తెలుగు బోధించేవానికి ఈ ఇనుప ప్రసంగమేల అని కొందరు నవ్వవచ్చును. మా మేనమామగారి మరమ్మతు షెడ్డులో పానాలందిస్తూ చదువుకొన్నవాడను గనుక నాకీ చొరవ.

మన ఎద్దుబండి చక్రము ఇరుసు కొన నుండి జారిపోకుండా కడసీల ఆపుతుంది. మోటారు వాహనంలో ఆ పనిని హబ్బుకు బిగించిన నట్లు చేస్తాయి. ఇప్పుడు రిమ్ము వెడల్పును సరిసగాలుగా చీల్చే ఒక మధ్యరేఖను ఊహించండి. హబ్బును తాకే రిమ్ము ముఖము ఆ రేఖకు ఎన్ని మిల్లీమీటర్ల దూరాన కలదో అదియే ఆఫ్‌సెట్. ఆ ముఖము మధ్యరేఖకు వెలుపల, అనగా వీధివైపున ఉంటే ధనము. లోపల ఉంటే ఋణము. ధనము తగ్గినకొద్దీ చక్రము బయటికి వస్తుంది. దీనిని తలక్రిందులుగా గుర్తుంచుకొనేవారే ఎక్కువ.

2023లో మన దేశాన విక్రయానికి వచ్చిన మారుతి సుజుకి జిమ్నీని తీసుకొందాము. దాని రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ ధన 5. దీనికి బదులు 7 అంగుళాల వెడల్పు, ఋణ 10 ఆఫ్‌సెట్ గల రిమ్ము బిగించినచో, వెడల్పు వలన ప్రతి అంచు 19 మి.మీ. పెరుగుతుంది, ఆఫ్‌సెట్ భేదము 15 మి.మీ. కావున బయటి అంచు 34 మి.మీ. వెలుపలికి పోతుంది, లోపలి అంచు మాత్రము 4 మి.మీ. లోనికే వస్తుంది! చక్రము బయటికే పోయిందని నమ్మినవాడు లోపల టైరు రాసుకొంటే ఆశ్చర్యపోతాడు. అందుచేత స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఒక చక్రాన్ని రాతిపై కెక్కించి, లోపలా బయటా చూడవలెను.

లాభము లేదనను. 30 మి.మీ. స్పేసర్లు ఇరుప్రక్కల వేస్తే జిమ్నీ ముందు చక్రాల మధ్య దూరము 1395 నుండి 1455 మి.మీ. అవుతుంది. నూటికి నాలుగు పాళ్ళ స్థిరత్వము. వాహనాన్ని ఎత్తు పెంచినవారు ఆ నాలుగూ పోగొట్టుకొంటారు. నష్టము చూడండి: చక్రంపై 300 కిలోల బరువున్నదనుకొంటే, 30 మి.మీ. జరుపుట వలన బేరింగుపై 9 కిలోగ్రాము-మీటర్ల అదనపు వంపు పడుతుంది. గోతిలో దిగినప్పుడు ఇది ఇంకా హెచ్చు. ముందు చక్రము రాతికి తగిలితే స్టీరింగు చేతిలో గుంజుకొంటుంది. స్పేసరు వేసినా, అంతే ఆఫ్‌సెట్ తేడా గల రిమ్ము వేసినా ఈ భారము ఒకటే. తేడా అల్లా బిగింపులలో ఉన్నది: రిమ్ముకు ఒక బిగింపు, బోల్టులు గల స్పేసరుకు రెండు.

ఇక బోల్టులు లేని ఉత్త బిళ్ళ స్పేసరు మరీ ప్రమాదకరము. అది మందమున్నంత మేర స్టడ్డు మరను మింగివేస్తుంది. జిమ్నీ స్టడ్డు 12 మి.మీ. లావు, మర అంతరము 1.25 మి.మీ.; లావుకు సమానమైన పట్టు కావలెనంటే నట్టు పది చుట్లైనా తిరగాలి. నేను ఎం.ఏ. చదివే రోజులలో మా బంధువొకరి జీపులో ఘాట్ దిగుతుండగా వెనుక చక్రంలో టిక్కు టిక్కుమని శబ్దము వినిపించినది. మామగారు బండి ఆపించి చూస్తే రెండు స్టడ్లు విరిగి ఉన్నవి. మిగిలినవాటిపై నట్లు నాలుగేసి చుట్లే పట్టినవి. ప్రక్కన లోయ. బండిలో పిల్లలు ఐదుగురు.

కాబట్టి నా మాట అడిగితే, తగిన ఆఫ్‌సెట్ రిమ్మునే కొనుమంటాను. స్పేసరు తప్పదంటే హబ్బు నడిమి గుండ్రానికి (జిమ్నీకి 108 మి.మీ.) సరిగా కూర్చునేది, స్వంత బోల్టులు కలది ఎంచుకోవలెను, హబ్బు పాత స్టడ్ల కొనలు దాని ముఖాన్ని దాటి పొడుచుకు రాకూడదు, మొదటి వంద కిలోమీటర్ల లోపుననే రెండు బిగింపులనూ కొలతపానాతో మళ్ళీ చూడవలెను.

పాత రిమ్ము ఆఫ్‌సెట్ తెలియకుంటే దానిని బోర్లించి, లోపలి అంచుపై తిన్నని బద్ద పెట్టి, బద్ద నుండి హబ్బు తాకే ముఖము వరకు కొలవండి. రిమ్ము మొత్తము వెడల్పులో సగము దానినుండి తీసివేయండి. మిగిలినది ధనమో ఋణమో అదే చెబుతుంది.