ఆపేవాడి బలం

చెడుగుడు ఆడనివారు మీలో ఎవరూ ఉండరనుకుంటాను. కూత పెడుతూ వచ్చి, ఇద్దరిని ముట్టుకుని గీత దాటిపోయినవాడికి అందరం చప్పట్లు కొడతాం. వాణ్ణి దాటనివ్వకుండా పట్టినవాడి పేరు మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. ఈ నెల పాఠం ఆ పట్టినవాడి గురించే. న్యూటన్ చెప్పిన సూత్రాలన్నీ అతని ఒంటి మీదే జరుగుతాయి మరి!

ఒకప్పుడు ఇది సంక్రాంతి సరదా. ఇప్పుడు బతుకుతెరువు కూడా. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో కబడ్డీకి పతకాలిచ్చారు. 2014లో ఎనిమిది జట్లతో ప్రో కబడ్డీ లీగు మొదలైంది. అందులో తెలుగు టైటాన్స్ ఒకటి. విశాఖపట్నం రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియం వంటి చోట్ల, దీపాల వెలుగులో, మ్యాట్ పరిచి ఆడతారు. ఆట స్థలం 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. జట్టుకు ఏడుగురు. పట్టేవారిలో అంచున నిలబడేవాణ్ణి కార్నర్ అనీ, కాస్త లోపల ఉండేవాణ్ణి కవర్ అనీ అంటారు. కార్నర్ చీలమండను దొరకబుచ్చుకుంటాడు. కవర్ ఎదురొచ్చి అడ్డం పడతాడు. ఈ అడ్డం పడటాన్నే బ్లాక్ అంటారు.

ఇదే బ్లాక్ పనిమీద జీతం తీసుకునేవాడు అమెరికాలోనూ ఉన్నాడు. అతని పేరు లైన్‌మన్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని తన్నడం తక్కువ, చేత పట్టుకుని పరుగెత్తడం ఎక్కువ. ఆ ఆటను 1987లో కప్పు కిందికి తెచ్చి అరీనా ఫుట్‌బాల్ అన్నారు. 46 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు గల స్థలం. పదకొండుమందికి బదులు ఎనిమిదిమంది. అంచుల్లో మెత్తలు కట్టిన గోడలు. ఆ లీగు 2019తో ముగిసినా, కప్పు కింద ఆడే జట్లు అక్కడ ఇంకా ఉన్నాయి. లైన్‌మన్ వంగి, ఒక చెయ్యి నేలకు ఆనించి నిలబడతాడు. బంతి కదలగానే ఎదుటివాణ్ణి ఢీకొంటాడు. ఆటలో ఏళ్ళ తరబడి ఉన్నా బంతి అతని చేతికి రావడం అరుదు!

ఇలాంటివారిలో 140 కిలోల మనుషులు మామూలే. మన సీనియర్ పురుషుల కబడ్డీలో మాత్రం 85 కిలోలు దాటినవాణ్ణి ఆడనివ్వరు. మరి మనవాడు ఎలా ఆపుతాడు?

లెక్క వేద్దాం, పెన్సిలు తీయండి. కూతకు వచ్చినవాడి ద్రవ్యరాశి 80 కిలోలు, వేగం సెకనుకు 5 మీటర్లు అనుకోండి. ద్రవ్యవేగం 80 × 5 = 400. కదలకుండా నిలబడిన 75 కిలోల కవర్ అతణ్ణి కౌగిలించుకుంటే ఇద్దరూ కలిసి 155 కిలోలు. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం ఆ ముద్ద వేగం 400 ÷ 155, అంటే సుమారు 2.6 మీటర్లు. సగానికి తగ్గింది గాని ఆగలేదు. గీత దగ్గరైతే ఇద్దరూ కలిసి దాటిపోతారు.

ఇప్పుడు ఇద్దరు చేతులు కలిపి గొలుసు కట్టారనుకోండి. మొత్తం 230 కిలోలు. వేగం 1.7 మీటర్లకు పడింది. ఆ ఇద్దరి స్థానంలో 140 కిలోల లైన్‌మన్‌ను నిలబెట్టి చూడండి. 400 ÷ 220, అంటే 1.8 మీటర్లు. ఆ దేశంవాడు ఒక్క ఒంట్లో మోసే ద్రవ్యరాశిని మనవాళ్ళు చెయ్యి చెయ్యి కలిపి తెచ్చుకుంటారు! గొలుసు కట్టడం ఎవరు కనిపెట్టారో గాని, లెక్క తెలియకుండానే లెక్క చేశారు. (ముగ్గురు గొలుసు కడితే వేగం ఎంతో మీరే చెప్పండి.)

మిగిలిన ఆ కాస్త వేగాన్ని తీసివేసేది నేల. పాదానికీ నేలకూ మధ్య ఘర్షణ లేకపోతే ఎంత బలవంతుడైనా జారిపోవలసిందే. మన జిల్లా బండలాగుడు పోటీలలో ఒంగోలు ఎడ్లను గమనించారా? బండ కదలనప్పుడు మెడ వంచి, గిట్టలు నేలలో దిగేసి, ఒళ్ళు ముందుకు వాల్చుతాయి. కవర్ కూడా మోకాళ్ళు వంచి, కాళ్ళు ఎడం చేసి, గరిమనాభిని కిందికి దించుకుంటాడు. నిటారుగా నిలబడ్డవాణ్ణి చంటిపిల్లవాడు తోసినా తూలుతాడు.

ఇంతవరకు ఆపడం. ఆపినవాడికి ఏమవుతుంది? న్యూటన్ మూడో సూత్రం చదివినవారు ఈపాటికి చెప్పేసి ఉంటారు. అతడు ఎంత బలంతో ఆపాడో అంతే బలం అతని మీదా పడుతుంది. 400 ద్రవ్యవేగాన్ని పదో వంతు సెకనులో సున్న చేయాలంటే 4,000 న్యూటన్ల బలం కావాలి. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు చూసినవారికి చెబుతున్నాను, టిక్కీ 40 కిలోలనుకుంటే పది టిక్కీల బరువు ఒక్కసారి రొమ్ము మీద పడినట్టు! అదే పనికి అర సెకను తీసుకుంటే 800 న్యూటన్లు, రెండు టిక్కీలు. క్రికెట్ బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటామే, అదే కిటుకు. అందుకే అనుభవం గలవాడు గోడలా నిలబడడు. రెండడుగులు వెనక్కి ఇస్తూ ఆపుతాడు. కుర్రవాడు ఢీకొని చప్పట్లు కొట్టించుకుంటాడు. నాకు మొదటివాడే గొప్పవాడు.

తమిళనాడుకు చెందిన ధర్మరాజ్ చేరలాతన్ అలాంటివాడు. 1975లో పుట్టిన ఈ డిఫెండర్, 2016లో నలభై ఒకటో ఏట పాట్నా జట్టుకు నాయకుడుగా లీగు కప్పు గెలిచాడు. తెలుగు టైటాన్స్ తరఫునా ఆడాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. లైన్‌మన్‌కు తల మీద చిన్న చిన్న దెబ్బలు వేలల్లో తగులుతాయి. మరణానంతరం మెదడు దానమిచ్చిన, అమెరికా పెద్ద లీగులో ఆడిన 111 మందిని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. 110 మందిలో సి.టి.ఇ. అనే మెదడు వ్యాధి కనిపించింది. జబ్బు లక్షణాలు చూసినవారి కుటుంబాలే ఎక్కువగా దానమిస్తాయి కనుక, ఆడినవారందరికీ అదే గతి అనుకోకూడదు.

మన ఆటలో ముప్పు ఎక్కువగా మోకాలిది. కొత్తపట్నం సముద్రపు ఒడ్డున ఇసుకలో ఆడితే పాదం జారుతుంది, ఇసుక కొంత దెబ్బ తింటుంది. మ్యాట్ మీద బూటు గట్టిగా పట్టేస్తుంది. పాదం కదలదు, పైన ఒళ్ళు తిరుగుతుంది. ఆ మెలిక అంతా మోకాలి లోపలి అడ్డ సంధిబంధనం మీద పడి అది తెగిపోవచ్చు. పూర్తిగా తెగితే తనంతట తాను సరిగా అతకడం అరుదు. తొడ వెనుక ఉన్న స్నాయుబంధనంలో కొంత తీసి, శస్త్రచికిత్సతో కొత్త బంధనం అమర్చుతారు. మళ్ళీ ఆటకు రావడానికి తొమ్మిది నెలలో, ఇంకా ఎక్కువో పడుతుంది. రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఆట కోటాలో ఉద్యోగానికి ఎంపికలు జరిగే వేళ అది జరిగితే ఆ కుర్రవాడి సంగతి ఆలోచించండి.

దీనికి అడ్డుకట్ట వ్యాయామంలోనే ఉంది. వారానికి రెండు మూడుసార్లు ఆటకు ముందు పావుగంట ఇలా చేయండి. రెండు కాళ్ళ మీద ఎగిరి, మోకాళ్ళు వంచి, చప్పుడు లేకుండా దిగాలి. దిగేటప్పుడు మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి వాలకూడదు, పాదం వేళ్ళు చూసే దిక్కునే చూడాలి. తరువాత ఒంటి కాలి మీద. పక్కన స్నేహితుణ్ణి నిలబెట్టి చూడమనండి, మన మోకాలు మనకు కనబడదు. ఆటలో మోకాలు ‘టప్’ మని, గంటా రెండు గంటల్లో వాచిందా, ఆ రోజు ఆట అయిపోయినట్టే. నాటుకట్టు కట్టి మర్నాడు మళ్ళీ దిగకండి. ఎముకల డాక్టరుకు చూపించండి.