కారణాంకములు, ప్రధాన సంఖ్యలు, నిరుద్ధము

152207ను 73చే హెచ్చవేసినచో 11111111 వచ్చును. ఎనిమిది అంకెలును ఒకట్లే. ఇది 9వ శతాబ్దమున, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, జైన గణితవేత్త మహావీరాచార్యులు రచించిన గణితసారసంగ్రహములోని లెక్క. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. 1912లో రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో దానిని మద్రాసున ప్రకటించిరి. ఇట్టి లబ్ధములను ఆచార్యులు కంఠహారములుగా వర్ణించిరి.

హారము చూచి సంతోషించుట ఒకటి. దాని పూసలను విడదీయుట మరియొకటి. ఒక సంఖ్యను శేషము లేకుండ భాగించునది దాని కారణాంకము. ఆ సంఖ్య కారణాంకమునకు గుణిజము. ఒకటియు, తానును తప్ప వేరు కారణాంకము లేనిది ప్రధాన సంఖ్య. ఒకటిని మాత్రము ఈ లెక్కలో చేర్చరు.

11111111 బేసి సంఖ్య గనుక 2 పోదు. అంకెల మొత్తము 8 గనుక 3 పోదు. చివర 0 గాని 5 గాని లేదు గనుక 5 పోదు. 7చే భాగించిన 4 శేషించును. ఇక 11: ఒకటి విడిచి ఒకటిగా అంకెలను కూడిన, రెండు ప్రక్కలను 4 చొప్పున వచ్చి భేదము సున్న యగును. కావున 11 పోవును, భాగఫలము 1010101. ఇది 101 × 10001 అని చూడగనే తెలియును.

101 ప్రధాన సంఖ్యయా? 2, 3, 5, 7లతో భాగించి చూచిన చాలును. కారణాంకములు ఎల్లప్పుడు జంటగా నుండును. జంటలో ఒకటి పెద్దదైన రెండవది చిన్నది. 11 × 11 = 121 అప్పుడే 101ని దాటినది గనుక, చిన్నది 7లోపల దొరకనిచో ఇక ఎక్కడను దొరకదు. ఎచ్చట ఆగవలెనో తెలియక కొందరు పిల్లలు సగము వరకు భాగించుచు పోవుదురు. అది వృథా శ్రమ.

10001 మాత్రము ఓర్పును పరీక్షించును. 100 × 100 = 10000 గనుక నూరులోపలి ప్రధాన సంఖ్యలన్నిటిని ప్రయత్నింపవలసి యుండును. మొదటి ఇరువది విఫలమగును. ఇరువది యొకటవదగు 73 పోవును. భాగఫలము 137. అది ప్రధాన సంఖ్యయే, 11 వరకు చూచి ఆగవచ్చును. కావున 11111111 = 11 × 73 × 101 × 137. ఆచార్యులు 73ను విడిగా నుంచి, తక్కిన మూటిని కలిపి 152207గా చూపిరన్నమాట.

ఇది వినోదమే కాదు, వర్తకులకు పనికివచ్చు విద్య. పాత రూపాయికి 192 పైసలు. మూడు వాటాలు వేసిన తలకు 64, అనగా అయిదణాల నాలుగు పైసలు, సరిగా వచ్చెడిది. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయి 100 పైసలైనది. నూరునకు 3 కారణాంకము కాదు గనుక ఒక పైస మిగులును. అయితే అయిదు వాటాలకు కొత్త రూపాయియే మేలు.

ఒక దుకాణమున నలుగురు భాగస్థులు. మొదటివానికి 1/4, రెండవవానికి 5/18, మూడవవానికి 3/10, మిగిలినది నాల్గవవానికి. 5/18ను దశాంశములలో 0.28 అని వ్రాసికొనిన, 9000 రూపాయల లాభముపై ఇరువది రూపాయలు తేడా వచ్చును. తగవునకు అది చాలును. హారములన్నిటికి సామాన్యమగు కనిష్ఠ గుణిజమునకు, అనగా మన బడి లెక్కల క.సా.గు.నకు, ఆచార్యులు పెట్టిన పేరు నిరుద్ధము. హారములలోని ఉమ్మడి కారణాంకములను, కడపట మిగిలిన భాగఫలములను వరుసగా హెచ్చవేయుమనిరి. 4, 18, 10లకు ఉమ్మడి కారణాంకము 2. మిగిలినవి 2, 9, 5. 2 × 2 × 9 × 5 = 180. హారములను ఊరక హెచ్చవేసిన 720 వచ్చి చిట్టా బరువగును.

180లో ముగ్గురి వాటాలు 45, 50, 54, నాల్గవవానికి 31. లాభమున ఒక్కొక్క భాగము 50 రూపాయలు గనుక వరుసగా 2250, 2500, 2700, 1550. పైస తేడా లేదు. 31 ప్రధాన సంఖ్య, 180ని భాగింపదు. కావున 31/180ని ఇంక కుదింపరాదు. నాల్గవవాని వాటాను అతని ఇద్దరు కుమారులు సమముగా పంచుకొనగోరిన, 31 పూర్ణభాగములుగా తెగదు. అప్పుడు 180ని 360 చేసి, కుమారులకు చెరి 31, తక్కిన ముగ్గురికి 90, 100, 108 అని వ్రాయవలెను.