అక్కరలేని పిలుపులు

విజయవాడనుండి ఖమ్మమునకు పోవు రైలుమార్గమున ఎర్రుపాలెము కలదు. మిరపకాయలు కోయు దినములలో మధ్యాహ్నవేళ అచ్చటి యిండ్లలో వృద్ధులే మిగులుదురు.

అట్టి యొక యింట నొక నాయనమ్మ యుండెను. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగి. ఫోను మ్రోగినచో నతడే పిలిచెనేమో యని యామె చేతిపని విడిచి వచ్చును. కాని వినవచ్చునది పరాయి కంఠము. "అమ్మా! మీకు అప్పు మంజూరైనది" అని యొకడు, "ఇంటిస్థలము చవుకగా దొరకును" అని వేరొకడు. వాకిటికి వచ్చినవానికి మంచినీరైన నీయక పంపుట యామె యెరుగదు. కావున "మా అబ్బాయి వచ్చిన తరువాత చెప్పెదను, నాయనా" యని మర్యాదగా పలుకును. ఆ మర్యాదయే మరునాటి పిలుపునకు దారియగును.

వాకిటికి వచ్చు వ్యాపారి యెండలో నడచి వచ్చును; వలదన్నచో పొరుగింటికి పోవును. ఫోనులో పిలుచువాడు ఒక గదిలో కూర్చుండి వరుసగా నంబర్లు నొక్కుచుండును. అతడును పొట్టకూటికై పాటుపడువాడే కదా! అతనిని తిట్టనక్కరలేదు. "అక్కరలేదు" అని చెప్పి ఫోను పెట్టివేసిన చాలును.

ఈ బాధ దేశమంతట నున్నదే. 2005లో నిది సుప్రీంకోర్టు వరకు పోయినది. 2007లో, పిలువరాని నంబర్ల జాతీయ పట్టిక యేర్పడెను. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ 2010లోను 2018లోను నిబంధనలను మరింత బిగించినది. నేడు 1909కు ఫోను చేసి, వ్యాపార ప్రచారము మాకు వలదని నమోదు చేయించుకొనవచ్చును. ప్రచారపు పిలుపులు 140తో మొదలగు నంబర్లనుండియే రావలెనని నియమము.

ఎనిమిదవ తరగతి చదువు మనుమడు ఈ సంగతి చెప్పగా నాయనమ్మ కలవరపడి, "అట్లయిన మీ నాన్న ఫోను కూడ రాకపోవునేమో!" అనెను.

"రాకపోదు, నాయనమ్మా! అమ్మకము కొరకు పిలుచువారికే యీ యడ్డు."

అతడు 1909కు ఫోను చేసి నంబరు నమోదు చేయించెను. 140 అను అంకెల రూపమును ఆమెకు వ్రాసి చూపెను. ఓ.టి.పి. అడుగువాడు వ్యాపారి కాడు, మోసగాడనియు, అట్టివాని వలన డబ్బు పోయినచో వెంటనే 1930కు చెప్పవలెననియు తెలిపెను.

పిలుపులు తగ్గినవి కాని పూర్తిగా ఆగలేదు. నియమము మీరి సాధారణపు పదియంకెల నంబర్లనుండి పిలుచువారు కొందరుందురు. అట్టివారిపై 1909కే ఫిర్యాదు చేయవలెను. 2025లో సవరించిన నిబంధన ననుసరించి అందులకు ఏడు దినముల గడువు కలదు. అందుచే మనుమడు గోడనున్న క్యాలెండరుపై, పిలుపు వచ్చిన తేదీ ప్రక్కనే నంబరు వ్రాయసాగెను. ఆ వారము క్యాలెండరుపై మూడు నంబర్లు చేరినవి.